కారులో చక్రాల కుర్చీ పట్టేదెలా?
(రోగుల కుటుంబ సభ్యులకు కొన్ని సూచనలు)



“రేపు ఇంటికి వెళ్ళవచ్చు” అని డాక్టరుగారు చెప్పగానే ఇంటిల్లిపాదికీ సంతోషమే. బిల్లు కట్టాలి, మందులు తీసుకోవాలి, కాగితాలు సర్దుకోవాలి. ఆ హడావుడిలో చాలామంది ఒక సంగతి మరచిపోతారు. పక్షవాతం వచ్చినవారికి, వెన్నుపూసకు దెబ్బ తగిలినవారికి, కాలు తీసివేసినవారికి కొత్తగా కొన్న చక్రాల కుర్చీ ఏ బండిలో పడుతుంది? ఎలా పెట్టాలి? ఈ ప్రశ్న తీరా బండి వచ్చి ఆసుపత్రి వాకిట్లో నిలబడిన తరువాతే గుర్తుకు వస్తుంది.

ఇది చిన్న విషయం కాదు. కుర్చీ బండిలో పట్టలేదని దానిని ఇంట్లో వదిలి, మనిషిని చేతుల మీద మోసుకొని తిరిగేవారున్నారు. అలా మోసేటప్పుడు జారి పడవచ్చు. పక్షవాతం వచ్చిన చేతిని పట్టుకొని లాగితే భుజం కీలు జారవచ్చు. రెండుసార్లు ఇలా అవస్థపడిన తరువాత “ఇంత కష్టం ఎందుకులే” అని చెకప్‌కు రావడమే మానివేస్తారు. అప్పుడు పడక పుండ్లు, మూత్రంలో ఇన్‌ఫెక్షను, బిగుసుకుపోయిన కీళ్ళు ఆలస్యంగా బయటపడతాయి. ఆదివారం ఆరాధనకు, బంధువుల పెళ్ళికి కూడా వెళ్ళలేక ఆ మనిషి మంచానికే పరిమితమైపోతారు. కనుక కుర్చీ, బండి రెండూ ఒకదానికొకటి సరిపోతాయో లేదో డిశ్చార్జికి ముందే చూసుకోండి.

మడత కుర్చీ ఎందుకు వచ్చింది?

మనం చూసే మడత చక్రాల కుర్చీ అసలు కారులో పెట్టుకోవడానికే పుట్టింది. అమెరికాలో హెర్బర్ట్ ఎవరెస్ట్ అనే మైనింగ్ ఇంజనీరు గని ప్రమాదంలో వెన్ను దెబ్బతిని నడవలేకపోయారు. అప్పటి కుర్చీలు బరువుగా ఉండి కారులో పట్టేవి కావు. ఆయన, ఆయన మిత్రుడు హ్యారీ జెన్నింగ్స్ కలిసి 1930వ దశకంలో గొట్టాలతో, సీటు క్రింద కత్తెరలాగా అడ్డంగా కలిసే కడ్డీలతో ఒక కుర్చీ తయారుచేశారు. ఈనాడు మన ఆసుపత్రులలో ఉన్న మడత కుర్చీలన్నీ దాదాపు ఆ పద్ధతివే.

ముందు కొలతలు తీసుకోండి

మామూలు ఇనుప మడత కుర్చీ కొలతలు సుమారుగా ఇలా ఉంటాయి:

• బరువు 15 నుండి 20 కిలోలు
• తెరిచినప్పుడు వెడల్పు 25 అంగుళాలు, మడిచినప్పుడు 10 నుండి 12 అంగుళాలు
• ఎత్తు 36 అంగుళాలు
• పొడవు, పాదాల పలకలతో కలిపి 40 నుండి 42 అంగుళాలు

పాదాల పలకలు ఊడదీసే రకమైతే పొడవు సుమారు 10 అంగుళాలు తగ్గుతుంది. చిన్న కారుకు ఈ 10 అంగుళాలే తేడా తెస్తాయి. కుర్చీ ఇంకా కొనకపోతే, పలకలు ఊడివచ్చే రకమే అడగండి. వెనుక పెద్ద చక్రాలు కూడా బటన్ నొక్కితే ఊడివచ్చే కుర్చీలు ఉన్నాయి. వాటి ధర ఎక్కువే, కాని తరచుగా ప్రయాణం చేయవలసినవారికి ఉపయోగం.

తరువాత బండిని కొలవండి. డిక్కీ లోపలి వైశాల్యం ఒక్కటే చూస్తే చాలదు. డిక్కీ నోరు ఎంత వెడల్పు, ఎంత ఎత్తు ఉన్నదో చూడాలి. టేపు లేకపోతే కుర్చీని పురికొసతో కొలిచి, ఆ పురికొసను బండి దగ్గర పెట్టి చూడండి.

కుర్చీ మడిచే పద్ధతి: దిండు తీసివేయండి. పాదాల పలకలు పైకి ఎత్తండి లేదా ఊడదీయండి. సీటు గుడ్డను ముందు, వెనుక మధ్యలో పట్టుకొని పైకి లాగండి. తెరిచేటప్పుడు సీటు రెండు అంచులను అరచేతులతో క్రిందికి నొక్కండి. వేళ్ళు కడ్డీ క్రిందికి పోనివ్వకండి, నలిగిపోతాయి.

ఏ బండిలో ఎలా?

చిన్న కార్లు (ఆల్టో, మారుతి 800 వంటివి): మారుతి 800 తయారీ 2014లో ఆగిపోయినా మన ఊళ్ళలో ఇంకా కొన్ని తిరుగుతున్నాయి. వీటి డిక్కీలో మడత కుర్చీ సాధారణంగా పట్టదు. రోగిని ముందు సీటులో కూర్చోబెట్టండి. పలకలు తీసివేసిన కుర్చీని మడిచి, వెనుక తలుపు గుండా చక్రాలు ముందుగా పోనిచ్చి, డ్రైవరు సీటు వెనుక నిలబెట్టండి. వెనుక సీటు బెల్టును కుర్చీ గొట్టాల మధ్యగా త్రిప్పి బిగించండి. తోడు వచ్చేవారు రోగి వెనుక కూర్చోవచ్చు. వెనుక సీటు వీపుభాగం ముందుకు వాల్చితే కుర్చీ సులువుగా పడుతుంది, కాని అప్పుడు తోడు వచ్చేవారికి చోటుండదు.

ఎత్తు కార్లు (వాగన్ ఆర్, శాంత్రో వంటివి): మా సలహా అడిగితే, రోగికి ఇవి అనుకూలం. సీటు ఎత్తు దాదాపు చక్రాల కుర్చీ ఎత్తుకు దగ్గరగా ఉంటుంది, కనుక ఎత్తకుండా ప్రక్కకు జరపవచ్చు. కొన్ని మోడళ్ళలో వెనుక సీటు రెండు భాగాలుగా వాలుతుంది. ఒక భాగం వాల్చి కుర్చీ పెట్టి, రెండవ భాగంలో తోడు కూర్చోవచ్చు.

డిక్కీ ఉన్న పొడవు కార్లు (డిజైర్, ఎటియోస్ వంటి ట్యాక్సీలు): డిక్కీ పెద్దదే, కాని నోరు చిన్నది. కుర్చీని పడుకోబెట్టి, పెద్ద చక్రాలు లోపలి వైపుకు పోయేటట్లు తోయండి. ట్యాక్సీ మాట్లాడేటప్పుడే “డిక్కీలో గ్యాసు సిలిండరు ఉన్నదా?” అని అడగండి. సి.ఎన్.జి. బండ్లలో సిలిండరే సగం చోటు తింటుంది. మూత పడకపోతే తాడుతో సగం తెరిచి కట్టుకొని దూరప్రయాణం చేయవద్దు.

ఓమ్ని, ఈకో వంటి వ్యాన్లు: ఓమ్ని తయారీ 2019లో ఆగింది, కాని పాతవి నడుస్తున్నాయి. ప్రక్కకు జరిగే తలుపు వల్ల లోపలికి చేర్చడం తేలిక. ఓమ్నిలో ఇంజను ముందు సీట్ల క్రింద ఉంటుంది, కనుక రోగిని మధ్య సీటులో కూర్చోబెట్టండి. కుర్చీ చివరి సీటు వెనుక గాని, సీటు తీసిన చోట గాని పెట్టి కట్టండి.

బొలెరో, సుమో, ఇన్నోవా వంటి పెద్ద బండ్లు: చివరి సీట్లు మడిస్తే కుర్చీ హాయిగా పడుతుంది. ఇక్కడ కష్టం కుర్చీతో కాదు, మనిషితో. సీటు బాగా ఎత్తు, కనుక ఇద్దరు బలమైనవారు తప్పక ఉండాలి. ఎత్తేవారు ముందుగా మాట్లాడుకొని, “ఒకటి, రెండు, మూడు” అని ఒకేసారి ఎత్తాలి.

ఆటో: దగ్గరి దూరానికి మాత్రమే. కుర్చీ చక్రం గాని పిడి గాని బయటికి పొడుచుకొని ఉండకూడదు. లోపల పట్టకపోతే కుర్చీని ఇంకొక ఆటోలో పంపడం మేలు.

పైన క్యారియరు ఉంటే: దిండు, పలకలు తీసి లోపల పెట్టుకోండి. కుర్చీని పడుకోబెట్టి నాలుగు మూలలా నైలాన్ తాడుతో కట్టండి. పాత సైకిల్ ట్యూబు సాగుతుంది, కనుక ఒక్క ట్యూబుతోనే కట్టి ఊరుకోవద్దు. పది కిలోమీటర్లు వెళ్ళాక ఆగి ముడులు మళ్ళీ చూడండి.

కట్టని కుర్చీ ప్రమాదకరం

బండి గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతున్నదనుకోండి. అకస్మాత్తుగా దేనికైనా గుద్దుకొని ఆగితే, లోపల కట్టకుండా ఉంచిన కుర్చీ అదే వేగంతో ముందుకు వస్తుంది. ఆ దెబ్బ దాదాపు 20 అడుగుల ఎత్తు నుండి ఆ కుర్చీ మీద పడినట్లే. అందుచేత ఎంత దగ్గరి ప్రయాణమైనా కుర్చీని కట్టవలసిందే.

వ్యానులో చోటున్నది కదా అని రోగిని చక్రాల కుర్చీలోనే కూర్చోబెట్టి తీసుకొని వెళ్ళకండి. మామూలు మడత కుర్చీ బండి సీటుగా పనికిరాదు. బ్రేకు వేసినా కుర్చీ పల్టీ కొట్టవచ్చు. రోగిని బండి సీటులోకి మార్చి సీటు బెల్టు పెట్టండి. వెనుక కూర్చున్నవారికి కూడా బెల్టు చట్టప్రకారం తప్పనిసరి.

మనిషి ముందు, కుర్చీ తరువాత

1. ముందు సీటును పూర్తిగా వెనుకకు జరపండి. రోడ్డు ప్రక్క గుంట లేకుండా, సమానమైన నేల మీద బండిని ఆపించండి.
2. కుర్చీని తలుపు దగ్గరికి కొద్దిగా ఏటవాలుగా తెచ్చి రెండు బ్రేకులూ వేయండి. పలకలు తొలగించండి.
3. పక్షవాతం వచ్చినవారికి వీలైతే బలమున్న ప్రక్క కారు వైపుకు ఉండేలా చూడండి.
4. మొదట నడుము సీటుకు చేర్చాలి, తరువాత కాళ్ళు లోపల పెట్టాలి. తల తలుపు చట్రానికి తగలకుండా మీ చెయ్యి అడ్డు పెట్టండి.
5. చంకలో గాని, బలహీనమైన చేతిని గాని పట్టి లాగవద్దు.
6. మూత్రపు గొట్టం ఉంటే, సంచి ఎప్పుడూ పొత్తికడుపు కంటే క్రిందనే ఉండాలి. గొట్టం తలుపులో నలగకుండా చూడండి.
7. నడుము క్రింద స్పర్శ లేనివారికి మెత్తని దిండు వేసి, కనీసం అరగంటకు ఒకసారి బరువు ప్రక్కకు మార్చండి. ఎండలో వేడెక్కిన సీటు మీద కూర్చోబెట్టకండి. వారికి తెలియకుండానే చర్మం కాలుతుంది.

తుంటి కీలు ఆపరేషను అయినవారిని లోతైన సీటులో కూర్చోబెట్టే ముందు తప్పక డాక్టరుగారిని అడగండి. బ్యాటరీ కుర్చీలు చాలా బరువు. వాటికి ఈ పద్ధతులు వర్తించవు.

డిశ్చార్జికి ముందు రోజు

మిమ్మల్ని తీసుకొని వెళ్ళే బండినే ముందు రోజు ఆసుపత్రికి తెప్పించగలిగితే మంచిది. ఫిజియోథెరపిస్టు దగ్గర ఉండగా మనిషిని ఎక్కించడం, దించడం, కుర్చీ మడిచి పెట్టడం రెండుసార్లు చేసి చూడండి. ఇంట్లో కనీసం ఇద్దరు నేర్చుకోవాలి. ఒక్కరికే తెలిస్తే, వారికి జ్వరం వచ్చిననాడు ప్రయాణం ఆగిపోతుంది. 108 అంబులెన్సు అత్యవసర పరిస్థితుల కోసం. నెలనెలా చెకప్‌కు మీ ఏర్పాటు మీకుండాలి.

కుర్చీ వచ్చిందంటే జీవితం అయిపోయిందని చాలామంది కన్నీళ్ళు పెట్టుకుంటారు. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల డాక్టరు మేరీ వర్గీస్‌గారు 1954లో కారు ప్రమాదంలో రెండు కాళ్ళూ చచ్చుబడిపోయినా, చక్రాల కుర్చీలో కూర్చుండియే ఆపరేషన్లు చేశారు. 1966లో వేలూరులో ప్రారంభమైన పునరావాస కేంద్రానికి ఆమే ఆధారం. కుర్చీ ఆమెను ఇంట్లో కూర్చోబెట్టలేదు, పనిలోకి తీసుకొని వెళ్ళింది.

కపెర్నహూములో పక్షవాయువుగల మనిషిని నలుగురు మోసుకొని వచ్చిన సంగతి మార్కు సువార్త 2వ అధ్యాయములో ఉన్నది. గుంపు వలన దారి లేకపోయినా వారు వెనుదిరిగి పోలేదు, ఇంటికప్పు విప్పి దించారు. మీరు కప్పు విప్పవలసిన పని లేదు. ఒక టేపు, ఒక గట్టి తాడు, కొద్దిపాటి అభ్యాసం ఉంటే చాలు. మీ ఇంటివారిని తరువాతి చెకప్‌కు కుర్చీతో సహా క్షేమంగా తీసుకొని రండి. మీ ప్రయాణంలో దేవుడు మీకు తోడైయుండును గాక.