కోడింగ్ నుంచి సారథ్యం దాకా..
పట్టా ఒక్కటే చాలదు.. అనుభవమే గీటురాయి

విజయవాడ: సాఫ్ట్‌వేర్ కొలువు అనగానే కంప్యూటర్ ముందు కూర్చుని ప్రోగ్రాములు రాసే ఇంజినీరే గుర్తుకొస్తారు. ఆ పనిని ఎవరు, ఎప్పటిలోగా, ఎంత ఖర్చుతో పూర్తి చేయాలో ప్రణాళిక వేసి, చివరి వరకు జవాబుదారీగా నిలిచేది ప్రాజెక్టు మేనేజరు. కృష్ణా డెల్టా ఇంజినీరింగ్ విద్యార్థుల్లో ఎందరో ఆశించే ఈ హోదా కేవలం పట్టాతోనో, పరీక్షతోనో దక్కేది కాదు. ఏళ్ల తరబడి మోసిన బాధ్యతే అసలు అర్హత.

డెల్టా నుంచి తొలి అడుగు
కానూరులో 1977లో సిద్ధార్థ ఇంజినీరింగ్ కళాశాల, కృష్ణానది ఆవలి ఒడ్డున వడ్డేశ్వరంలో 1980లో కేఎల్ కళాశాల ప్రారంభమయ్యాయి. 1998లో గుడ్లవల్లేరులోనూ ఇంజినీరింగ్ కళాశాల వచ్చింది. దీంతో రైతు కుటుంబాల పిల్లలకు ఇంటి చేరువలోనే సాంకేతిక విద్య అందింది. ఉద్యోగానికి మాత్రం హైదరాబాద్, బెంగళూరు, అమెరికా బాట పట్టక తప్పలేదు. గన్నవరం సమీపంలోని కేసరపల్లిలో మేధా టవర్స్ నిర్మాణం, 2018లో హెచ్‌సీఎల్ ప్రాంగణానికి శంకుస్థాపనతో స్థానికంగానూ కొంత అవకాశం ఏర్పడింది.

మెట్టు మెట్టుగా..
కొలువులో చేరినవారు మొదటి రెండు మూడేళ్లు ప్రోగ్రాములు రాయడం, పరీక్షించడం నేర్చుకుంటారు. తర్వాత ఒక విభాగం బాధ్యత, ఆపై టీమ్ లీడర్ స్థానం లభిస్తాయి. ప్రాజెక్టు మేనేజరు కావడానికి సాధారణంగా పదేళ్ల వరకు పడుతుంది. అప్పటినుంచి కోడింగ్ తగ్గి, ఖాతాదారులతో సంప్రదింపులు, వ్యయ అంచనా, గడువుల పర్యవేక్షణ, సిబ్బంది సమన్వయం ప్రధానమవుతాయి.

ఎగువన ఆలస్యం.. శివారుకు నష్టం
కాలువ ఎగువన నీరు ఆగితే శివారు పొలాలు ఎండుతాయన్నది డెల్టా రైతుకు తెలిసిందే. సాఫ్ట్‌వేర్‌లోనూ అంతే. తొలి దశల్లో జాప్యం జరిగితే చివరనున్న టెస్టింగ్‌కు వ్యవధి మిగలదు. అప్పటికప్పుడు మనుషులను పెంచినా ఫలితం ఉండదు. 1960వ దశకంలో ఐబీఎంలో ఓఎస్/360 రూపకల్పనకు సారథ్యం వహించిన ఫ్రెడరిక్ బ్రూక్స్ 1975లో వెలువరించిన గ్రంథంలో ఈ విషయాన్నే వివరించారు. కొత్తవారికి పని నేర్పడానికే పాతవారి సమయం ఖర్చవుతుందని, ఆలస్యం మరింత పెరుగుతుందని ఆయన అనుభవం చెబుతోంది.

పరీక్షకు ముందే అనుభవం
ఈ రంగంలో ప్రసిద్ధమైన ధ్రువపత్రం పీఎంపీ. అమెరికాలో 1969లో ఏర్పడిన ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ దీనిని అందజేస్తోంది. నాలుగేళ్ల డిగ్రీ ఉన్నవారు ఈ పరీక్ష రాయాలంటే మూడేళ్లు ప్రాజెక్టులను నడిపిన అనుభవం, 35 గంటల శిక్షణ చూపాలి. దరఖాస్తుల్లో కొన్నింటిని ఎంపిక చేసి ఆధారాలు కోరుతారు.

తప్పుడు వివరాలతో ముప్పు
కొందరు లేని అనుభవాన్ని బయోడేటాలో చేర్చి గట్టెక్కాలని చూస్తుంటారు. కంపెనీలు పాత యాజమాన్యాలను సంప్రదిస్తాయి. భవిష్యనిధి ఖాతాలోని సర్వీసు వివరాలనూ సరిపోల్చుతాయి. తేడా బయటపడితే చేరిన తర్వాతైనా ఉద్యోగం పోతుంది. అందుకే ప్రతి ప్రాజెక్టు కాలవ్యవధి, బృందంలోని సభ్యుల సంఖ్య, తాను వహించిన బాధ్యత వంటి వివరాలను తొలి ఉద్యోగం నుంచే రాసి ఉంచుకోవడం మేలు. గడువు తప్పిన ప్రాజెక్టునూ దాచనవసరం లేదు. అది ఎందుకు తప్పిందో, ఎలా చక్కదిద్దారో వివరించగలిగితే ఇంటర్వ్యూలో అదే అక్కరకొస్తుంది.