పండ్లు లేని మధుమేహ రోగికి దంతములు నాటవచ్చునా?

పండ్లన్నియు రాలిపోయినవారు నమలలేక జొన్నరొట్టె, వేరుసెనగలు, పచ్చి కూరగాయలు మాని, మెత్తని అన్నమునకు, జావకు మరలుదురు. మధుమేహము కలవారికి ఇందువలన మరియొక కీడు కలుగును. ఇట్టి ఆహారము రక్తములోని చక్కెరను త్వరితముగా పెంచును. 2023లో ప్రకటింపబడిన జాతీయ సర్వే ప్రకారము మన దేశమున సుమారు 10 కోట్ల మందికి మధుమేహము కలదు. కావున ఇది కొద్దిమంది చిక్కు కాదు.

కట్టుడు పండ్లు పలువురకు ఉపకరించును. కాని పండ్లు పోయిన పిమ్మట దవడ ఎముక క్రమముగా అరుగును; అమరిక వదులగును. అట్టివారికి ఇంప్లాంటు, అనగా ఎముకలో నాటు టైటానియం మర, ఆధారము కాగలదు. ఎముక టైటానియమును అంటి పెరుగునని స్వీడన్ దేశీయుడు బ్రోనెమార్క్ 1950 ప్రాంతముల గుర్తించి, 1965లో మొదటి రోగికి ఇంప్లాంట్లు అమర్చెను. క్రింది దవడలో రెండు ఇంప్లాంట్లు నాటినను కట్టుడు పండ్లు కదలక నిలుచును.

మధుమేహము కలదన్న మాత్రముననే ఈ చికిత్స నిరాకరింపనక్కర లేదు. చక్కెర అదుపులోనున్నవారికి ఫలితము తరచుగా ఇతరులకు వలెనే యుండును. అదుపు తప్పినచో పుండు మానుట ఆలస్యమగును, చీము పట్టవచ్చును, ఎముక అంటుకొనుట మందగించును. ఒకనాటి చక్కెర అంకె చాలదు; గడచిన రెండు మూడు మాసముల సగటును తెలుపు హెచ్.బి.ఏ1సి రక్తపరీక్ష చేయించుకొనవలెను.

నేడు పరిశోధకులు లాలాజలమును కూడ పరిశీలించుచున్నారు. దీనికి సూది పోటు లేదు. కొంతసేపు ఏమియు తినక, త్రాగక కూర్చుండి, నోట ఊరినదానిని చిన్న గిన్నెలోనికి జారవిడిచిన చాలును. అందులో చక్కెరయు, వాపును తెలుపు ఇంటర్‌ల్యూకిన్లును, కణజాలమును కరగించు ఎం.ఎం.పి.-8 అను ఎంజైమును కొలువవచ్చును. ఊట పరిమాణము సైతము ముఖ్యమే. నోరు ఎండినచో కట్టుడు పండ్లు ఒరిసి పుండ్లు పడును, బూజు తెగులు సోకును.

అయితే ఈ పరీక్ష రక్తపరీక్షకు బదులు కాదు. లాలాజలములోని చక్కెర భోజనవేళను బట్టియు, నోటి తడిని బట్టియు మారును. ఎం.ఎం.పి.-8 అధికభాగము పండ్ల చుట్టునుండు చిగుళ్ల వాపు నుండి వచ్చును. కావున పండ్లు లేనివారిలో అది తక్కువగా కనబడినంత మాత్రమున దవడ ఆరోగ్యముగా నున్నదని తలపరాదు. ఫలానా అంకె యున్న నాటవచ్చును అను నియమము ఇంకను ఏర్పడలేదు. ఎముక ఎత్తు, మందము ఎక్స్‌రే లేక స్కానింగు వలననే తెలియును.

ఇంప్లాంటు కోరు రోగి ఈ విషయములు పాటించవలెను. వాడుచున్న మందులన్నిటిని, ముఖ్యముగా ఎముకల మందులను, రక్తము పలుచబరచు మందులను, దంతవైద్యునికి తెలుపవలెను. పొగాకు మానవలెను. మధుమేహపు మాత్రలను, ఇన్సులినును స్వయముగా ఆపరాదు. శస్త్రచికిత్స నాటి ఆహారమును, మందులను గూర్చి ముందే అడిగి తెలిసికొనవలెను. ఎముక అంటుకొనుటకు సాధారణముగా మూడు నుండి ఆరు మాసములు పట్టును. ఆ కాలమున తొందర తగదు. పిమ్మట దినదినము శుభ్రపరచుకొనుచు, వైద్యుడు చెప్పిన గడువున చూపించుకొనవలెను. చక్కెరను అదుపున నుంచుకొన్నవారు మరల నమలి తినగల ఆశను విడువనక్కర లేదు.