డిప్రెషన్‌కు మందా, మాటా, నడకా?

ఇంట్లో ఒకరు కుంగుబాటుతో బాధపడుతున్నారని తెలియగానే మూడు రకాల సలహాలు వినిపిస్తాయి. మంచి డాక్టరుకు చూపించి మాత్రలు వాడించండి అంటారు ఒకరు. మాత్రలు మొదలుపెడితే మానలేరు, కౌన్సెలింగ్ ఇప్పించండి అంటారు ఇంకొకరు. ఇవేవీ అక్కర్లేదు, పొద్దున్నే లేచి నడవమనండి, యోగా చేయమనండి, అదే పోతుంది అంటారు మరొకరు. ముగ్గురూ మేలు కోరేవారే, ముగ్గురి మాటలోనూ కొంత నిజముంది. చిక్కల్లా ఈ మూడింటిలో ఒకదాన్నే ఎంచుకోవాలనుకోవడంలో ఉంది. గత పాతికేళ్ల పరిశోధనను ఒకచోట పెట్టి చూస్తే మూడింటికీ ఫలితం ఉందని, అయితే ఏ ఒక్కటీ అందరికీ సరిపోదని తేలుతుంది. ఏది ముందు, ఏది వెనక అన్నది జబ్బు తీవ్రతను బట్టి ఉంటుంది. ఏ దారిలో మొదలుపెట్టినా ఫలితాన్ని కొలిచి చూస్తూ, చాలకపోతే తర్వాతి అడుగు వేయించే మనిషి రోగి పక్కన ఉండాలి. మన దగ్గర ఎక్కువగా కొరవడుతున్నది ఆ మనిషే.

ముందు జబ్బును గుర్తుపట్టాలి. అయినవాళ్లు పోయినప్పుడు, పంట దెబ్బతిన్నప్పుడు, పరీక్ష తప్పినప్పుడు మనసు కుంగడం సహజం. దిగులు గానీ, దేనిమీదా ఆసక్తి లేకపోవడం గానీ దాదాపు రోజంతా, దాదాపు ప్రతిరోజూ, కనీసం రెండు వారాలపాటు సాగి, దానికి నిద్ర పట్టకపోవడం, ఆకలి తగ్గడం, నీరసం, ఏకాగ్రత కుదరకపోవడం, తానెందుకూ పనికిరానన్న భావన, చావు ఆలోచనలు వంటివి తోడై రోజువారీ పనులు కుంటుపడితే దాన్ని డిప్రెషన్ అంటారు. మన ఊళ్లలో చాలామంది దిగులుగా ఉందంటూ డాక్టరు దగ్గరికి రారు. ఒళ్లు నొప్పులు, తలనొప్పి, గుండె దడ, నీరసం అని వస్తారు. సెలైనో, బలానికి ఇంజక్షనో వేయించుకుని వెళ్లిపోతారు. ఈ జబ్బును పట్టుకోవడానికి ఖరీదైన యంత్రమేదీ అక్కర్లేదు. 2001లో వెలువడిన పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళిలో తొమ్మిదే ప్రశ్నలు. గడచిన రెండు వారాల్లో ఒక్కో లక్షణం ఎన్ని రోజులు బాధపెట్టిందో అడిగి సున్నా నుంచి మూడు వరకు మార్కులు వేస్తారు. మొత్తం 27లో పది గానీ అంతకు మించి గానీ వస్తే డాక్టరు నిశితంగా పరీక్షించాలి. థైరాయిడ్ లోపం, రక్తహీనత వంటివీ ఇలాంటి లక్షణాలే చూపిస్తాయి కాబట్టి వాటినీ చూసుకోవాలి. నిమ్‌హాన్స్ ఆధ్వర్యంలో 2015–16లో 12 రాష్ట్రాల్లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో పెద్దవాళ్లలో సుమారు ఇరవై మందిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్ బారిన పడ్డవారే. డిప్రెషన్, ఆందోళన వంటి సాధారణ మానసిక రుగ్మతలున్నవారిలో సుమారు 85 శాతం మందికి చికిత్స అందడం లేదని కూడా ఆ సర్వే తేల్చింది.

మందుల సంగతి చూద్దాం. 2018లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక విశ్లేషణ 522 ట్రయల్స్‌ను, వాటిలో పాల్గొన్న 1,16,477 మంది సమాచారాన్ని ఒకచోట చేర్చింది. పరిశీలించిన 21 మందుల్లో ప్రతి ఒక్కటీ మందు లేని డమ్మీ మాత్ర కంటే మెరుగ్గానే పనిచేసింది. అయితే సగటున ఆ తేడా ఓ మోస్తరుగానే ఉంది, డమ్మీ మాత్ర వేసుకున్నవారిలోనూ చాలామంది తేరుకున్నారు. దీనికి తోడు, మెదడులో సెరటోనిన్ తగ్గడం వల్లే డిప్రెషన్ వస్తుందని దశాబ్దాలుగా చెబుతూ వచ్చిన వివరణకు తగిన ఆధారాలు లేవని 2022లో ఒక విస్తృత సమీక్ష తేల్చింది. అలాంటప్పుడు సెరటోనిన్ మీద పనిచేసే మాత్రలెందుకని అడిగేవారున్నారు. అడగాల్సిన ప్రశ్నే. కానీ మందు ఎలా పనిచేస్తుందన్నది ఒక ప్రశ్న, పనిచేస్తుందా లేదా అన్నది మరో ప్రశ్న. ఆస్పిరిన్ 1899లో మార్కెట్లోకి వచ్చింది, అది నొప్పిని ఎలా తగ్గిస్తుందో తెలిసింది 1971లో. ఆ రెండు తేదీల మధ్య కాలమంతా దాంతో జనం తలనొప్పులు తగ్గుతూనే ఉన్నాయి. డిప్రెషన్ మందుల విషయంలోనూ వివరణ తప్పినంత మాత్రాన ట్రయల్స్‌లో కనిపించిన ఫలితం రద్దు కాదు. ఇక్కడ అసలు గమనించాల్సింది వేరే ఉంది. అమెరికాలో 2001–2006 మధ్య సుమారు నాలుగు వేల మందితో జరిగిన స్టార్-డి అనే పెద్ద పరిశోధనలో మొదటి మందుతో లక్షణాలు పూర్తిగా పోయినవారు దాదాపు మూడో వంతే. మందులు మారుస్తూ నాలుగు దశలు దాటేసరికి 67 శాతం మంది కోలుకున్నారని మొదట ప్రకటించారు. అదే సమాచారాన్ని ముందుగా రాసుకున్న నిబంధనల ప్రకారం మళ్లీ లెక్కగట్టిన మరో బృందం ఆ సంఖ్య 35 శాతమేనని 2023లో చూపించింది. ఏ లెక్కను నమ్మినా మొదటి మాత్ర పనిచేయకపోవడం మామూలు విషయమేనని ఒప్పుకోక తప్పదు. పది రోజులు వేసుకుని గుణం కనిపించలేదని మానేసినవారు మందును పరీక్షించినట్టే కాదు. గుణం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తిగా తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది.

మాత్రలు అలవాటైపోతాయన్న భయం మన దగ్గర మరీ ఎక్కువ. డిప్రెషన్ తగ్గించే మందులు మత్తునివ్వవు, మోతాదు పెంచుకుంటూ పోవాలన్న యావను కలిగించవు. ఈ గుణాలున్నవి నిద్ర కోసం, ఆందోళన కోసం ఇచ్చే ఆల్ప్రజోలమ్ వంటి మాత్రలు. చీటీ లేకుండా మందుల షాపులో వాటిని కొనుక్కుని నెలల తరబడి వాడేవారి అనుభవమే అన్ని మానసిక మందులకూ చెడ్డపేరు తెచ్చింది. అలాగని డిప్రెషన్ మందుల్ని ఉన్నపళంగా ఆపకూడదు. ఆపితే తల తిరగడం, చిరాకు, నిద్ర చెడటం వంటి ఇబ్బందులు కొందరిలో వస్తాయి, కొద్దిమందిలో చాలాకాలం ఉంటాయి. అందుకే డాక్టరు మోతాదును మెల్లగా తగ్గిస్తారు. మెరుగయ్యాక కూడా ఆరు నుంచి తొమ్మిది నెలలు వాడమనడానికి కారణముంది. 31 ట్రయల్స్‌ను కలిపి 2003లో చేసిన విశ్లేషణలో మందు కొనసాగించినవారిలో 18 శాతం మందికి జబ్బు తిరగబెడితే, డమ్మీ మాత్రకు మారినవారిలో 41 శాతం మందికి తిరగబెట్టింది. మందులకు దుష్ప్రభావాలూ ఉన్నాయి. వికారం, లైంగికాసక్తి తగ్గడం, వృద్ధుల్లో రక్తంలో సోడియం పడిపోవడం వంటివి డాక్టరు ముందే చెప్పాలి, రోగి అడగాలి. పాతికేళ్లలోపు వారికి మందు మొదలుపెట్టిన తొలి వారాల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరిగే ప్రమాదం ఉంది కాబట్టి ఇంట్లోవాళ్లు కనిపెట్టుకుని ఉండాలి. గతంలో ఎప్పుడైనా నిద్ర లేకుండానే మితిమీరిన హుషారుతో గడిపిన రోజులుంటే అది బైపోలార్ అనే జబ్బు కావచ్చు. ఆ మాట తప్పకుండా డాక్టరుతో చెప్పాలి, ఎందుకంటే దానికి వేరే మందులు కావాలి.

కౌన్సెలింగ్ అంటే నాలుగు మంచి మాటలు చెప్పడమేనని, ఆ పని ఇంట్లో పెద్దవాళ్లూ చేయగలరని చాలామంది అనుకుంటారు. పెద్దవాళ్ల ఓదార్పు విలువైనదే, కానీ చికిత్స పద్ధతి వేరు. 1960ల్లో ఆరన్ బెక్ రూపొందించిన కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీలో రోగి తన గురించి తాను వేసుకునే తీర్పుల్ని పట్టుకుని వాటికి ఆధారమేమిటో వెతకడం నేర్పిస్తారు. అందులోంచి విడివడి నిలిచిన సరళమైన పద్ధతి బిహేవియరల్ యాక్టివేషన్. దాని ఆలోచన ఇది. డిప్రెషన్ వచ్చిన మనిషి ఒక్కొక్క పనీ మానేస్తూ వస్తాడు. పని మానేస్తే దాని వల్ల వచ్చే చిన్న సంతోషం, తాను చేయగలనన్న నమ్మకం, నలుగురితో పలకరింపు కూడా పోతాయి. అవి పోవడంతో దిగులు ఇంకా పెరుగుతుంది, ఇంకొన్ని పనులు ఆగిపోతాయి. ఈ వలయాన్ని తెంచడానికి ఉత్సాహం వచ్చేదాకా ఆగకుండా, ఉత్సాహం లేకపోయినా చేయగలిగినంత చిన్న పనితో మొదలుపెట్టిస్తారు. ఈ పద్ధతి కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీకి తీసిపోదని, తక్కువ శిక్షణ ఉన్నవారితోనూ ఇప్పించవచ్చని 2016లో బ్రిటన్‌లో 440 మందితో జరిగిన ట్రయల్ చూపించింది.

ఈ పద్ధతికి మన దేశంలోనే గట్టి పరీక్ష జరిగింది. గోవాలో సంగత్ సంస్థ, మానసిక వైద్యుడు విక్రమ్ పటేల్ బృందం కలిసి పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఒక ట్రయల్ నిర్వహించాయి. ఏదో ఒక ఒంటి బాధతో డాక్టరు కోసం వచ్చినవారికి పీహెచ్‌క్యూ-9 ప్రశ్నలు వేసి, ఓ మాదిరికి మించిన తీవ్రత నుంచి ఎక్కువ తీవ్రత దాకా ఉన్న 495 మందిని ఎంపిక చేశారు. సగం మందికి డాక్టరు చికిత్స, మిగతా సగానికి దానితోపాటు కౌన్సెలింగ్. ఆ కౌన్సెలర్లు సైకాలజీ చదివినవారు కారు. కనీసం పదో తరగతి చదివి, కొన్ని వారాల తరగతులు, కొన్ని నెలల పర్యవేక్షణతో పని నేర్చుకున్న స్థానికులు. ఒక్కో రోగిని ఆరు నుంచి ఎనిమిది సార్లు, ఆరోగ్య కేంద్రంలో గానీ ఇంటి దగ్గర గానీ కలిసేవారు. అలాంటి ఒక సమావేశం ఎలా సాగుతుందంటే, మొదట గడిచిన వారం లెక్క చూస్తారు. ఏ పూట ఏం చేశారు, అప్పుడు మనసు ఎలా ఉంది అన్నది రాసుకున్న కాగితం ముందు పెట్టుకుంటారు. మధ్యాహ్నమంతా మంచం మీద పడుకున్న రోజుల్లో సాయంత్రానికి దిగులు పెరిగిందని, పక్కింటామెతో పది నిమిషాలు మాట్లాడిన రోజు కాస్త తేలికపడిందని ఆ కాగితంలో రోగికే కనిపిస్తుంది. వచ్చే వారానికి ఒకటి రెండు పనులు అనుకుంటారు. ఏ రోజు, ఏ వేళకు, ఎవరి తోడుతో చేస్తారో రాసుకుంటారు. చేయలేకపోతే తప్పుపట్టరు, అడ్డేమొచ్చిందో చూసి పనిని ఇంకా చిన్నది చేస్తారు. ప్రశ్నావళితో మార్కులు మళ్లీ వేసి చూసుకుంటారు. మూడు నెలల తర్వాత ఇలా కౌన్సెలింగ్ అందినవారిలో 64 శాతం మంది డిప్రెషన్ పరిధి దాటి బయటికి వచ్చారు. డాక్టరు చికిత్స మాత్రమే అందినవారిలో ఆ సంఖ్య 39 శాతం. ఏడాది తర్వాత చూసినా 63, 48 శాతాలుగా తేడా నిలబడింది.

నడక, యోగా సలహా ఇచ్చే మూడో వర్గానికి గోవా ట్రయల్‌లోని చిన్న పనుల పద్ధతిలోనే జవాబుంది. వ్యాయామం డిప్రెషన్‌ను తగ్గిస్తుందన్నది నిజం. 2024లో బీఎంజే పత్రిక ప్రచురించిన విశ్లేషణ 218 అధ్యయనాల్లోని 14,170 మందిని పరిశీలించి నడక లేదా జాగింగ్, యోగా, బరువులెత్తే వ్యాయామాలు మేలు చేస్తున్నాయని తేల్చింది. అయితే ఆ అధ్యయనాల్లో చాలావాటి నాణ్యత అంత గట్టిది కాదని దాన్ని రాసినవారే చెప్పారు. 1999లో అమెరికాలో యాభై దాటిన 156 మందితో జరిగిన ప్రయోగంలో పదహారు వారాలకు వ్యాయామం చేసినవారు, మందు వాడినవారు దాదాపు ఒకే స్థాయిలో మెరుగయ్యారు, మందు మాత్రం కాస్త త్వరగా పనిచేసింది. ఆ వ్యాయామం వారానికి మూడు రోజులు, శిక్షకుడి ఎదుట, బృందంతో కలిసి చేసినదన్న సంగతిని ఈ ఫలితాన్ని ఉదహరించేవారు తరచు మర్చిపోతారు. లేచి పళ్లు తోముకోవడమే కష్టంగా ఉన్న మనిషికి తెల్లవారుజామున గంట నడవమని చెప్పి వదిలేస్తే, నడవలేకపోవడం మరో ఓటమిగా మిగులుతుంది. సంకల్పబలాన్ని దెబ్బతీసే జబ్బుకు కేవలం సంకల్పబలంతో జరిగే చికిత్స చెప్పడం న్యాయం కాదు. వీధి చివరిదాకా, ఒకరి తోడుతో, రోజూ ఒకే వేళకు అని మొదలుపెడితే అదే నడక చికిత్స అవుతుంది. నిద్ర వేళలు స్థిరపరచుకోవడం, మద్యం మానడం కూడా ఈ కోవలోవే. దిగులు పోగొట్టుకోవడానికి తాగే మద్యం నిద్రను చెడగొట్టి, దిగులును పెంచి, ఆత్మహత్య ప్రమాదాన్ని పెంచుతుంది.

మరి ఎవరికి ఏది? బ్రిటన్‌కు చెందిన నైస్ సంస్థ 2022లో సవరించిన మార్గదర్శకాలు ఈ వరసను స్పష్టంగా చెబుతాయి. తీవ్రత తక్కువగా ఉంటే, రోగి కోరుకుంటే తప్ప, మందులతో మొదలుపెట్టాల్సిన పనిలేదు. థెరపీ, బృంద వ్యాయామం వంటివి ముందు. తీవ్రత ఎక్కువైతే మందు, థెరపీ రెండూ కలిపి ఇవ్వడం మొదటి ఎంపికల్లో ఒకటి. ఈ రెండూ కలిస్తే విడివిడిగా ఇచ్చినదాని కంటే మంచి ఫలితమని 101 అధ్యయనాలను కలిపి 2020లో చేసిన విశ్లేషణ కూడా చెబుతోంది. తిండి మానేసి, మాట మానేసి, చావు ఆలోచనల్లో ఉన్న మనిషికి కౌన్సెలింగ్ ఒక్కటే చాలదు, నడక అసలే చాలదు. అక్కడ సైకియాట్రిస్టు, మందులు, అవసరమైతే ఆసుపత్రి. మందు కొంత పనిచేసి మనిషి లేచి కూర్చోగలిగితే థెరపీకి మనసు నిలుస్తుంది, థెరపీతో చిన్న పనులు మొదలైతే నడక, నిద్ర, తిండి గాడిన పడతాయి, అవి నిలబడితే జబ్బు తిరగబెట్టే అవకాశం తగ్గుతుంది. ఈ మూడూ ఒకదానికొకటి దారి చేస్తాయి.

అప్పులు, ఉద్యోగం పోవడం, ఇంట్లో హింస వంటి కారణాలుంటే మాత్ర ఏం చేస్తుందన్న ప్రశ్న మిగిలే ఉంది. మాత్ర అప్పు తీర్చదు. బ్యాంకు అధికారితో మాట్లాడటానికి, సాయం అడగటానికి, హింస నుంచి బయటపడే దారి వెతకటానికి కావలసిన శక్తిని మాత్రం డిప్రెషన్ లాగేస్తుంది, చికిత్స ఆ శక్తిని తిరిగి తెస్తుంది. అప్పుల ఊబి, హింస సమాజమూ ప్రభుత్వమూ తీర్చాల్సిన సమస్యలు, వాటికోసం గట్టిగా అడగాల్సిందే. ఆ పని పూర్తయ్యేదాకా రోగిని చికిత్స లేకుండా ఉంచడం మాత్రం అన్యాయం.

పల్లెల్లో సైకియాట్రిస్టు ఎక్కడ దొరుకుతాడన్నది చివరి అభ్యంతరం, అన్నింటికంటే బలమైనది కూడా. గోవా అనుభవం దానికో జవాబు. మన ఉమ్మడి పశ్చిమ గోదావరి జిల్లా గిరిజన గ్రామాలు మరో జవాబు. అక్కడ జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ చేపట్టిన స్మార్ట్ మెంటల్ హెల్త్ ప్రాజెక్టులో ఆశా కార్యకర్తలు ట్యాబ్‌లు పట్టుకుని ఇంటింటికీ వెళ్లి జబ్బు లక్షణాలున్నవారిని గుర్తించారు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టర్ల దగ్గరికి పంపారు, ఆ తర్వాత మళ్లీ వెళ్లి పలకరించారు. అలా గుర్తించినవారిలో మానసిక ఆరోగ్య సేవలు అందుకున్నవారు 0.8 శాతం నుంచి 12.6 శాతానికి పెరిగారు. 12.6 చిన్న సంఖ్యే, కానీ అక్కడికి చేర్చింది ఊరి ఆశా కార్యకర్తే. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో శిక్షణ పొందిన కౌన్సెలర్ ఒకరు, తొమ్మిది ప్రశ్నల కాగితం ఒకటి, నెలనెలా ఫలితం చూసే డాక్టరు ఒకరు ఉండాలని తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలను అడగడం గొంతెమ్మ కోరిక కాదు. ప్రభుత్వ ఖర్చుతో మానసిక చికిత్స పొందే హక్కును 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇప్పటికే ఇచ్చింది. అది అమలయ్యేదాకా చేయగలిగింది కూడా ఉంది. మీకో, మీ ఇంట్లోవాళ్లకో రెండు వారాలకు మించి ఈ లక్షణాలుంటే డాక్టరును కలవండి. టెలీ-మానస్ నంబరు 14416కు రాత్రీపగలూ ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. చావు ఆలోచనలుంటే ఒంటరిగా ఉండొద్దు, ఉంచొద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. మొదటి మందు పనిచేయకపోతే రెండోది ఉంది, మందు చాలకపోతే థెరపీ ఉంది. మొదటి ప్రయత్నంతోనే ఆగిపోకండి.