బంతి తాకని చోట పాయింట్లు ఎలా వచ్చాయి?

పిన్‌బాల్ యంత్రాన్ని మీరెప్పుడైనా చూశారా? మన ఊళ్ళలో ఇది అరుదు. అమెరికాలోని షికాగో నగరం దీనికి పుట్టినిల్లు వంటిది. ఏటవాలుగా ఉన్న బల్ల, దానిమీద అద్దం. స్ప్రింగు లాగి వదిలితే ఉక్కు బంతి పైకి దూసుకుపోతుంది. కిందికి దొర్లుతూ దారిలో ఉన్న వాటినల్లా గుద్దుకుంటుంది. గుద్దినప్పుడల్లా పాయింట్లే! బంతి అడుగున జారిపోకుండా, బొత్తాలు నొక్కి చిన్న రెక్కలతో దాన్ని మళ్ళీ పైకి కొడుతూ ఉండాలి.

ఒకరోజు ఆ యంత్రం తిక్కగా ప్రవర్తించిందనుకోండి. బంతి ఎడమ మూలన ఉంటే, కుడి మూలన ఎవరూ తాకని గురి పాయింట్లు ఇచ్చేస్తోంది! ఆ గురి దగ్గరున్న స్విచ్ మార్చినా ఫలితం లేదు. మరి దోషం ఎక్కడుంది? వెతుకుదాం రండి.

చదరంగం బల్ల వంటి అమరిక

యంత్రానికి కళ్ళు లేవు. బంతి ఎక్కడుందో దానికి చెప్పేవి స్విచ్‌లే. 1970ల చివరినుంచి ఈ యంత్రాలలో మైక్రోప్రాసెసర్లు వచ్చాయి. స్విచ్‌లు 64 ఉన్నాయనుకుందాం. ఒక్కొక్క దానికి విడిగా తీగ వేస్తే 64 తీగలూ, అన్నింటికీ ఉమ్మడిగా మరొకటీ కావాలి. ఇంజనీర్లు చదరంగం బల్లలాగా 8 నిలువు తీగలు, 8 అడ్డు తీగలు తీసుకున్నారు. ప్రతి కూడలిలో ఒక స్విచ్. అంటే 16 తీగలతో పని జరిగిపోయింది!

ప్రాసెసర్ ఒక్కొక్క నిలువు తీగకూ వంతులవారీగా సంకేతం పంపుతుంది. అప్పుడు ఏ అడ్డు తీగలో జవాబు వస్తుందో చూస్తుంది. 3వ నిలువు తీగ వంతులో 2వ అడ్డు తీగ పలికితే, 32వ నంబరు స్విచ్ మూసుకుందన్నమాట. మన బడిలో హాజరు పిలిచినట్టే. కాకపోతే ఈ హాజరు కన్ను మూసి తెరిచేలోగా ఎన్నోసార్లు పూర్తవుతుంది.

మాయ స్విచ్

ఇందులో ఒక చిక్కుంది. కాగితంమీద గళ్ళు గీసి చూడండి. 72, 35, 32 నంబర్ల స్విచ్‌లు మూడూ ఒకేసారి మూసుకున్నాయి. 75 మాత్రం తెరిచే ఉంది. ఈ నాలుగూ ఒక దీర్ఘచతురస్రానికి నాలుగు మూలలు. ఇప్పుడు 7వ నిలువు తీగ వంతు వచ్చింది. సంకేతం 72 గుండా 2వ అడ్డు తీగకు చేరుతుంది. అక్కడినుంచి 32 గుండా వెనక్కు నడిచి 3వ నిలువు తీగను పట్టుకుంటుంది. ఆపైన 35 గుండా 5వ అడ్డు తీగలోకి దిగుతుంది. “7వ తీగ వంతులో 5 పలికింది, కనుక 75 మూసుకుంది” అని ప్రాసెసర్ మోసపోతుంది!

ఈ వెనకనడకను ఆపడానికే ప్రతి స్విచ్‌కూ ఒక డయోడ్ జతచేస్తారు. డయోడ్ విద్యుత్తును ఒకే దిశలో పోనిస్తుంది. పై ఉదాహరణలో విద్యుత్తు వెనక్కు నడిచింది 32 దగ్గర మాత్రమే. కాబట్టి చెడిపోయి రెండు దిశలా దారి ఇస్తున్నది 32వ స్విచ్ డయోడే. మాయ కనిపించిన మూలకు ఎదురుగా, కర్ణానికి రెండో కొసన దొంగ దాక్కున్నాడు. 75ను ఎన్నిసార్లు మార్చినా ఏం లాభం?

మరికొన్ని ఆనవాళ్ళు

ఒక్క స్విచ్ మాత్రమే పలకకపోతే, ఆ స్విచ్‌నో, దాని డయోడ్‌నో, అక్కడి టంకాన్నో అనుమానించాలి. వరుస మొత్తం మూగబోతే తీగ, దాని కనెక్టరు, లేదా బోర్డుమీది చిప్ కారణం కావచ్చు. వరుసలో కొన్ని పనిచేసి, ఆ తరువాతివన్నీ పలకకపోతే? తీగ ఒక స్విచ్‌నుంచి మరొక దానికి గొలుసులా సాగుతుంది కదా! చివరగా పలికిన స్విచ్‌కూ, మొదటి మూగ స్విచ్‌కూ నడుమ తెగిందన్నమాట.

రేకు స్విచ్‌ల మొనలకు పలుచని బంగారు పూత ఉంటుంది. ఆకురాయితో గీకితే పూత పోతుంది. మొనల మధ్య గట్టి కాగితం ఉంచి, మెల్లగా నొక్కి లాగితే చాలు, మురికి వదులుతుంది.

కొన్నిచోట్ల స్విచ్‌కు బదులు పరారుణ కిరణం కాపలా ఉంటుంది. బంతి అడ్డువస్తే కిరణం తెగుతుంది. దీపం ఆరిపోయినా, దుమ్ము పట్టినా, బంతి అక్కడే కూర్చుందని యంత్రం భ్రమపడుతుంది. ఆ కిరణం మన కంటికి కనబడదు. కాని చాలా ఫోన్ కెమెరాలకు కనబడుతుంది. ఇంట్లో టీవీ రిమోట్ ముందు కెమెరా పెట్టి, బొత్తం నొక్కి చూడండి. లేత ఊదారంగు మెరుపు కనిపిస్తుంది.

ఒక హెచ్చరిక. స్విచ్‌ల తీగలలో ఉండేది స్వల్ప వోల్టేజి. కాని బంతిని కొట్టే తీగచుట్టలకు 50 వోల్టులు, కొన్ని యంత్రాలలో అంతకు మించీ ఉంటుంది. ఆ తీగ స్విచ్ తీగకు తగిలితే చాలు, చిప్‌లు మాడిపోతాయి. ఇంటి కరెంటు వచ్చే భాగం మరీ ప్రమాదం. ప్లగ్గు తీయకుండా, పెద్దలు పక్కన లేకుండా ఏ యంత్రాన్నీ విప్పకండి.

ఇప్పుడు మీ వంతు. 41, 48, 61 మూసుకున్నప్పుడు 68 కూడా మూసుకున్నట్టు యంత్రం చెబుతోంది. ఏ డయోడ్ చెడింది? గళ్ళు గీసి, దారి వెతికి, ఆ తరువాతే కింది జవాబు చూడండి.

జవాబు: 41వ స్విచ్ డయోడ్.