ఆ లీవర్ లాగింది అంజు కాదు

హయత్‌నగర్‌లో మా పక్కిల్లే అక్క వాళ్లది. అక్క కూతురు ఇంటర్ అయ్యాక పైలట్‌నవుతానంది. అది విని ఎదురింటావిడ, "ఆ మధ్య నేపాల్లో ఆడమనిషి విమానం నడిపితే ఏమైందో తెలీదూ?" అనేశారు. అక్క ముఖం వాడిపోయింది. అసలేం జరిగిందో చూద్దామని విచారణలో తేలిన విషయాలు చదివాను.

2023 జనవరి 15న ఖాట్మండు నుంచి పోఖరా వెళ్లిన యెతి ఎయిర్‌లైన్స్ ఏటీఆర్ 72 అది. శంషాబాద్ నుంచి రాజమండ్రికి మనం ఎక్కేలాంటి ప్రొపెల్లర్ విమానమే. 72 మందీ చనిపోయారు. నడుపుతున్నది అంజు ఖతివాడా. ఒకప్పుడు నర్సు. అదే సంస్థలో పైలట్ అయిన భర్త దీపక్ పోఖ్రేల్ 2006లో జుమ్లా దగ్గర విమానం కూలి పోయాడు. కూతురుండగా, వచ్చిన బీమా డబ్బుతో ఆమె విమానం నడపడం నేర్చుకుంది. 2010లో ఆ సంస్థలోనే చేరింది! నాకైతే మళ్లీ విమానమెక్కడానికే ధైర్యం చాలదు.

పోఖరా కొత్త విమానాశ్రయం తెరిచి అప్పటికి రెండు వారాలే. అక్కడ దిగడం ఆమెకి అలవాటు చేయించడానికి పక్క సీట్లో కెప్టెన్ కమల్ కేసీ ఉన్నారు. 21 వేల గంటలకు పైగా విమానం నడిపిన మనిషి. దిగేముందు రెక్కల వెనకుండే ఫ్లాప్స్ దించమని అంజు అడిగింది. ఆయన సరేనని బదులిచ్చారు కూడా. చెయ్యి మాత్రం పక్కనున్న రెండు లీవర్ల మీద పడింది. ఒక బర్నర్ కట్టబోయి ఇంకోటి కట్టేస్తాం చూడండి, అలా. దాంతో ప్రొపెల్లర్ల ఆకులు గాలిని నెట్టకుండా కోసుకుపోయేలా మళ్లాయి. ఫ్యాన్ రెక్కల వంపు తీసేస్తే గాలి రానట్టు, ముందుకు తోసే బలం పోయింది.

అంజు తప్పేమీ లేదని నేననను. హెచ్చరిక మోత వినిపించింది. లీవర్ ఎక్కడుందో ఇద్దరూ చూసుకోవాలి, చూసుకోలేదు. పవర్ రావడం లేదని ఆమె రెండుసార్లు అంది, విమానాన్ని ఆయన చేతికిచ్చింది. ఎందుకు రావట్లేదో ఇద్దరికీ తట్టలేదు. లీవర్ లాగిన నిమిషానికే సేతి నది లోయలో కూలిపోయింది.

ఎదురింటావిడకి ఇదంతా చెప్తే "ఏమోనమ్మా" అంటూ లోపలికెళ్లిపోయారు. అక్క కూతురు మాత్రం, "ఆ మోత విన్నప్పుడు వాళ్లు ముందు ఏం చూడాల్సింది పిన్నీ?" అంది. లీవర్లు, ప్రొపెల్లర్ వేగం అని చెప్పాను. ఫిజిక్స్ నోట్సు వెనకపేజీలో రాసుకుంది.

అక్క ఇంకా సరేననలేదు. ఫీజెంతవుతుందో కనుక్కోమని మాత్రం నిన్న మెల్లిగా అంది.