ఆక్సిజన్‌ను వదలని ఫాస్ఫేట్

“చుట్టూ అన్ని నీళ్లుంటే పడవలో బ్యాటరీ మంట ఆర్పడం ఎంతసేపు మాస్టారూ?” అని మా తొమ్మిదో తరగతిలో ఒక పిల్లవాడు అడిగాడు. మంచి ప్రశ్న. జవాబు కోసం ముందు సెల్ లోపలికి వెళ్లాలి.

మామూలు మంటకు గాలి అందకుండా చేస్తే ఆరిపోతుంది. పడవల ఇంజను గదుల్లో కార్బన్ డయాక్సైడ్ సిలిండర్లు పెట్టేది అందుకే. లిథియం సెల్ దగ్గర ఈ పాచిక పారదు. ఏ కారణంగానో సెల్ వేడెక్కిందనుకోండి. 100 డిగ్రీల అటూ ఇటూగా ఆనోడ్ మీది రక్షణ పొర విచ్ఛిన్నమై తానే ఇంకొంత వేడిని పుట్టిస్తుంది. 130 దగ్గర రెండు ఎలక్ట్రోడ్ల మధ్యనున్న పాలిథీన్ పొర కరిగి లోపలే షార్టవుతుంది. 200 దాటేసరికి కోబాల్ట్ ఆక్సైడ్ కాథోడ్ తనలోని ఆక్సిజన్‌ను వదిలేస్తుంది. పక్కనే మండే ద్రవం, ఎలక్ట్రోలైట్. ఇంక బయటి గాలితో పనేముంది? ఆ వేడికి పక్క సెల్లూ అదే దారి పడుతుంది. దీన్నే థర్మల్ రన్‌అవే అంటారు.

నాకెంతో ఇష్టమైన పోటీ ఇక్కడే ఉంది. కోబాల్ట్ ఆక్సైడ్ కాథోడ్‌ను 1980లో ఆక్స్‌ఫర్డ్‌లో కనిపెట్టింది జాన్ గుడినఫ్ బృందం. 1991లో సోనీ దాన్ని బజారుకు తెచ్చింది. ఆ గుడినఫే టెక్సాస్‌లో అక్షయ పాఢి, నంజుండస్వామి వంటి సహచరులతో కలిసి 1997లో దానికి ప్రత్యర్థిని ప్రకటించాడు: లిథియం ఐరన్ ఫాస్ఫేట్. ఇందులో ఒక్కో ఫాస్ఫరస్ పరమాణువు నాలుగు ఆక్సిజన్లను గట్టి సమయోజనీయ బంధాలతో పట్టుకుని ఉంటుంది. ఛార్జింగులో లిథియం బయటికి వెళ్లిపోయినా ఆ పట్టు సడలదు. కోబాల్ట్ ఆక్సైడ్‌లోనైతే లిథియం ఖాళీ అయినకొద్దీ ఆక్సిజన్ పట్టు తప్పుతుంది. ఉన్నవి మామూలు ఇనుము, ఫాస్ఫరస్, ఆక్సిజన్లే. అమరికలోనే ఉంది గొప్పంతా! ఫాస్ఫేట్ సెల్ వోల్టేజి తక్కువ, 3.2 వోల్టులు మాత్రమే; అంతే శక్తికి బరువు ఎక్కువ. పడవ అడుగున ఆ బరువు పెద్ద ఇబ్బంది కాదు. తర్వాత విద్యుత్తు బాగా పారేలా కార్బన్ పూత వచ్చింది, ధర దిగింది, తెరచాప పడవలవాళ్లు దీన్నే ఎంచుకున్నారు. కొచ్చిలో బ్యాటరీ పడవలు నడిపే వాటర్ మెట్రో మాత్రం ఆనోడ్‌ను మార్చి లిథియం టైటనేట్ దారి పట్టింది.

అయినా ఫాస్ఫేట్ సెల్ కూడా బాగా వేడెక్కితే హైడ్రోజన్ కలిసిన వాయువును కక్కుతుంది. మూసి ఉన్న పడవ గదిలో అది పోగైతే ఒక్క నిప్పురవ్వ చాలు. ఏ రకం లిథియం బ్యాటరీ గదికైనా ఈ ముప్పు ఉంటుంది. 2019లో నార్వేలో ఒక చిన్న ఫెర్రీలో బ్యాటరీ గది అంటుకుంది. మంట అణిగిన మర్నాడు పేలుడు జరిగింది. 2021లో అదే దేశంలో బ్రిమ్ అనే విహార నౌక కాలింది. గాలి మార్గం గుండా సముద్రపు నీరు బ్యాటరీ గదిలోకి చేరి ఉంటుందని దర్యాప్తు తేల్చింది. ఉప్పునీరు విద్యుత్తుకు దారి, దాంతో షార్టులు.

అందుకే పిల్లవాడికి ఇలా చెప్పాను: నీరు కావాలి, చాలా కావాలి, కానీ చల్లబరచడానికి. మంట కనిపించకపోయినా లోపలి సెళ్లు వేడిగా ఉంటే మళ్లీ అంటుకుంటాయి. ఉప్పునీరు సెళ్ల మధ్యకు పోతే షార్టులు పెరుగుతాయి, హైడ్రోజన్ కూడా పుడుతుంది. చిన్న పడవలో ఇద్దరు ముగ్గురు ఉన్నప్పుడు చేయగలిగింది తక్కువే: ఛార్జింగ్ ఆపేయాలి, ఆ విషపు పొగ పీల్చకుండా గాలి వచ్చే వైపుకు చేరాలి, లైఫ్ జాకెట్లు తొడుక్కుని దిగిపోవడానికి సిద్ధపడాలి. నా మటుకు, సెళ్లు కక్కే వాయువు బయటికి పోయేలా బ్యాటరీ పెట్టెకు నేరుగా ఆకాశంలోకి తెరుచుకునే గొట్టం లేని పడవలో లిథియం పెట్టనివ్వకూడదు.