దాదీమా చీర ఏమైంది?

మూడు నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకు వారానికొకసారి, అసర్ నమాజు తర్వాత, మా పేటలోని ఒక ఇంటి వసారాలో మేము కథలు చెబుతుంటాము. ఒక వారం దుస్తులను విషయంగా ఎంచుకున్నాము. రమజాన్ పండుగ వెళ్లి పదిరోజులైనా కాలేదు గనుక, "మీకు ఇష్టమైన పండుగ బట్టలు వేసుకుని రండి" అని ఇంటింటికీ కబురు పంపాము. జరీ షేర్వానీలు, కుచ్చుల ఫ్రాకులు, అద్దాల దుపట్టాలతో వసారా నిండిపోయింది. ఒక పాప మాత్రం అన్న చొక్కా తొడుక్కుని వచ్చి, తలుపు చాటున నిలబడి ఎంత పిలిచినా లోపలికి రాలేదు. ఆ ఏడాది వాళ్లింట్లో ఎవరికీ కొత్త బట్టలు కుట్టించలేదని మాకు ఆ తర్వాత తెలిసింది.

ఆ రాత్రి మాలో ఎవరికీ మనసు బాగాలేదు. దుస్తుల పేరుతో మేము జరిపింది కథల సభ కాదు, ఎవరికి ఏమున్నదో చూపే ప్రదర్శన. ఒడిలో కూర్చునే వయసు పిల్లలు ఇటువంటివి గమనించరని పెద్దలం అనుకుంటాము. అది మన భ్రమ.

మరుసటి వారం అదే విషయాన్ని మళ్ళీ చేపట్టాము. ఈసారి పంపిన కబురు వేరు: రోజూ తొడిగే బట్టలతోనే రండి, ఇంట్లో వాడి వదిలేసిన గుడ్డముక్క ఏదైనా ఒకటి తెండి.

తెచ్చినవన్నీ ఒక సంచిలో వేశాము. వాటికి తోడు మేము ఒక ఉన్ని స్వెట్టర్, ఒక తువ్వాలు, కాస్త దూది చేర్చాము. బిడ్డ కళ్లు మూసుకుని సంచిలో చేయి పెట్టి, చేతికి తగిలినది ఎలా ఉందో చెప్పాలి. మెత్తగా, గరుకుగా, జారిపోతూ, గుచ్చుకుంటూ. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు పలికే పిల్లలు మనవాళ్లు. ఒకరు 'మెత్తగా' అంటే మరొకరు 'నరమ్' అన్నారు. ఏ మాటనూ మేము సరిదిద్దలేదు. జేబును మాత్రం రెండు భాషల్లోనూ జేబు అనే అంటారని తెలిసి అందరూ తెగ నవ్వారు.

దూది దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాము. తరతరాలుగా దూది ఏకి, పరుపులు కుట్టి జీవించిన నూర్‌బాషా కుటుంబాలు మన మధ్య ఉన్నాయి. మా వీధిలోని ఒక పెద్దాయన అటకపై పడివున్న తమ దూదేకే విల్లును దింపి తెచ్చారు. కొయ్య గూటంతో నారిని మీటితే గడ్డకట్టిన దూది పింజలు పింజలుగా విడిపోయింది. ఆ టంగుటంగు శబ్దానికి పిల్లలు మైమరచిపోయారు. దూది గాలికి ఎగిరి ముక్కులో చేరుతుంది కనుక వారిని కాస్త దూరంగానే కూర్చోబెట్టాలి.

తర్వాత కథ. పుస్తకమేమీ లేదు; ఒక పాత నేతచీర, ఒక కత్తెర, అంతే. దాదీమా చీర కొంగు చిరిగింది. సగం చీరతో బొంత కుట్టింది. మిగిలినదానిలో మనవరాలికి గౌను కుట్టింది. మనవరాలు పెరిగి గౌను బిగుతైతే అది దిండు గలీబు అయింది. గలీబు చిరిగితే మసిగుడ్డ అయింది. తీసి దాచిన చీర అంచు ఖుర్ఆన్‌కు జుజ్‌దాన్ అయింది. ప్రతి మలుపులోనూ పిల్లల ఎదుటే గుడ్డను కత్తిరించాము. "దాదీమా చీర ఏమైంది?" అని మేము అడగడం, వారు అరచి చెప్పడం. బొమ్మలో చూపితే ఇంత ఆనందం ఉండదని మా అనుభవం. ఒక్క పాత చీర ఖర్చుకు వెనుకాడకండి. దైవప్రవక్త (సల్లం) తమ బట్టలు తామే కుట్టుకునేవారన్న సంగతి కూడా ఇక్కడే చెప్పాము. అతుకు బట్టంటే చిన్నచూపు లేకుండా పోవడానికి అంతకన్నా మంచి సందర్భం దొరకదు.

చివర గుండీల పని. పెద్ద గుండీలున్న చొక్కాను దిండుకు తొడిగి ఇవ్వండి. పెట్టడం కన్నా విప్పడం పిల్లలకు తేలిక, అక్కడినుంచే మొదలుపెట్టండి. తొడుక్కునేటప్పుడు కుడి చేయి ముందు అన్న అలవాటు ఆటలోనే వచ్చేస్తుంది. ఊడిన గుండీలను మాత్రం పిల్లల చేతికి అందనివ్వకండి, చంటివారు నోట్లో పెట్టుకుంటారు. దుపట్టాలు మెడకు చుట్టుకునే ఆటలు వద్దే వద్దు. మొత్తం అరగంట దాటనివ్వకండి, కథకు పది నిమిషాలు చాలు.

ఆ పాప ఈసారి అన్న చొక్కా నుంచి ఊడిన జేబు తెచ్చింది. లోపల ఏముందో చెప్పమని ఒక్కొక్కరి చేతా అందులో వేళ్లు పెట్టించింది. మిగిలిన ముక్కలన్నిటితో వసారాకు ఒక బొంత కుడుతున్నాము. ఆ జేబును తెరిచే ఉంచి కుట్టాలని పిల్లల షరతు.